తింటోంది కదా అన్న లెక్క చాలదు: ముసలి కుక్కకు వీడ్కోలు చెప్పే సమయం ఎలా తెలుస్తుంది?

"తింటోంది కదా, ఇంకేం?" ముసలి కుక్క ఉన్న ఇంట్లో ఎక్కువగా వినపడే మాట ఇది. "దాని ఆయుష్షు తీరేదాకా ఉండనీ, మనమెవరం?" అనేది రెండోది. మూడోది కాస్త గొంతు తగ్గించి అంటారు: "ఇంజెక్షన్ చేపిస్తే పోలా?" తరచూ ఈ మూడు మాటలూ ఒకే ఇంట్లోంచి వస్తాయి. అనేవాళ్లు ముగ్గురూ ఆ కుక్కను ప్రేమించేవాళ్లే. ఒక్కొక్కరు ఒక్కో గుర్తు చూసి మాట్లాడుతుంటారు, అంతే.

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్లలో ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్ల ముందుకొచ్చింది. పదీ పన్నెండేళ్ల కిందట పిల్లల పోరు పడలేక తెచ్చిన లాబ్రడార్లు, పామరేనియన్లు ముసలివయ్యాయి. పోరు పెట్టిన పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగాల్లో ఉన్నారు. కుక్క మాత్రం వేదాయపాళెంలోనో లాయర్‌పేటలోనో అమ్మానాన్నల దగ్గర మిగిలింది. నిర్ణయమేమో వీడియో కాల్లో తీసుకోవాలి. దీనికి తోడు 2025 ఆగస్టు నుంచి వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశాల వార్తలు చదివి, పెంపుడు కుక్కకు ఇంజెక్షన్ చేయించడం నేరమేమో అని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. ఆ ఆదేశాలు వీధి కుక్కలను పట్టడం, ఆపరేషన్లు, టీకాలు, షెల్టర్లు, తిరిగి వదలడం గురించినవి. ఇంట్లో జబ్బుపడ్డ ముసలి కుక్కకు సంబంధించిన చట్టం వేరే ఉంది. దాని సంగతి కాస్త ముందుకెళ్లాక చూద్దాం.

సహజ మరణం, ఉపశమన చికిత్స, కారుణ్య మరణం: ఏది ఏమిటి

నయం కాని బాధలో ఉన్న జంతువును పశువైద్యుడు మత్తులోకి పంపి, నొప్పి తెలియకుండా ప్రాణం పోయేలా చేయడాన్ని కారుణ్య మరణం అంటున్నాం. మనుషుల విషయంలోనూ పేపర్లలో ఇదే మాట చదువుతాం కానీ, చట్టం దగ్గర రెండింటికీ చాలా దూరం. మనుషులకైతే 2011లో అరుణా శాన్‌బాగ్ కేసు, 2018లో కామన్ కాజ్ కేసు తీర్పుల తర్వాత, కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని నిలిపి ఉంచే చికిత్స ఆపడానికి వీలుంది, అదీ బోలెడు షరతుల మీద. ప్రాణం తీసే ఇంజెక్షన్‌కు వీల్లేదు. జంతువులకు ఆ ఇంజెక్షన్ ఇవ్వడం పశువైద్యంలో ఒప్పుకున్న పని.

ఉపశమన చికిత్స అంటే జబ్బు పోదని తెలిశాక, నొప్పి, వాంతులు, ఆయాసం తగ్గించి మిగిలిన రోజులు హాయిగా గడిచేలా చూడటం. నొప్పి మాత్రలు, చర్మం కింద ఎక్కించే సెలైన్, పుండ్లు పడకుండా పక్క మార్చడం, చేత్తో తినిపించడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఇది చేస్తూ కుక్క తనంతట తాను పోతే అది ఒక రకం సహజ మరణం. మందూ మాకూ లేకుండా వరండా మూల గోనె పట్టా మీద పడి ఉండి నాలుగు రోజులకు పోతే దాన్నీ సహజ మరణమే అంటాం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం వాదనలు తెగవు.

ముసలితనం అనుకున్నది వైద్యానికి లొంగే జబ్బు కావచ్చు

వయసు అంకె మీద ఆధారపడి ఏదీ తేల్చలేం. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతి ఎనిమిదేళ్లకే ముసలిదైపోతుంది. లాబ్రడార్ మామూలుగా పది, పన్నెండేళ్లు బతుకుతుంది. పామరేనియన్ పద్నాలుగు దాటి కూడా గేటు దగ్గర మొరుగుతూనే ఉంటుంది.

అంకె కంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. కొత్తపట్నం వైపు రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండే పదేళ్ల నాటు కుక్కను ఊహించుకుందాం. మూడు రోజులుగా లేవట్లేదు, అన్నం ముట్టట్లేదు, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. "ముసల్దైపోయిందిలే అన్నా, ఇంకెన్నాళ్లు" అంటాడు గుంట మీద మనిషి. రక్తపరీక్ష చేస్తే అది గోమార్ల (పిడుదుల) వల్ల వచ్చే టిక్ ఫీవర్ అని తేలే అవకాశం గట్టిగా ఉంది. మన తీరం వేడికీ తేమకూ గోమార్లు ఏడాది పొడుగునా ఉంటాయి. అందులో ఎర్లిఖియా అనే రకమైతే నాలుగు వారాల డాక్సీసైక్లిన్ మందుతో చాలా కుక్కలు లేచి తిరుగుతాయి. బబీసియా అయితే మందు వేరు. జబ్బు ముదిరి ఎముక మజ్జ దెబ్బతింటే మాత్రం కష్టం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ముసలి ఆడకుక్క ఎదకొచ్చిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి, వాంతులు చేసుకుంటుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. గర్భసంచి తీసేస్తే బతుకుతుంది, ఆలస్యం చేస్తే చస్తుంది. జననాంగం దగ్గర రక్తం కారే పుండు చూసి క్యాన్సర్ అని వదిలేస్తారు. క్యాన్సరే, కానీ కుక్కల మధ్య అంటుకునే ఆ రకం గడ్డ వారానికోసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లకు చాలావరకు కరిగిపోతుంది. పుచ్చిన పళ్ల నొప్పితో తినలేని కుక్కకు ఆకలి లేదనుకుంటాం. నలభై కిలోలు దాటిన లాబ్రడార్ కుంటుతుంటే కీళ్లు అయిపోయాయంటాం. ఎనిమిది కిలోలు తగ్గిస్తే సగం కుంటు తగ్గేది.

దీనికి ఎదురు ఉదాహరణ కిడ్నీ జబ్బు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిందని రిపోర్టులో కనపడేసరికే కిడ్నీల శక్తి దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది. బయటికి కుక్క "కాస్త నీళ్లు ఎక్కువ తాగుతోంది" అంతే. టిక్ ఫీవర్ కుక్క చచ్చేలా కనపడి బతుకుతుంది, ఇది బాగానే కనపడి చేయి దాటిపోతుంది. పైకి కనపడేదాన్ని బట్టి నిర్ణయం తీసుకుంటే రెండు వైపులా తప్పు జరిగే వీలుంది.

ఒక్క రేబిస్ విషయంలో మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. టీకా లేని కుక్క ఉన్నట్టుండి ప్రవర్తన మార్చుకుని, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే అది ముసలితనం అనుకుని నోట్లో చేయి పెట్టి మందు పోయడం ప్రాణాంతకం. లక్షణాలు మొదలయ్యాక దానికి వైద్యం లేదు, కుక్కకైనా మనిషికైనా.

తిండి, తోక, మౌనం: మూడూ మోసం చేస్తాయి

ముందు తిండి. బాధలో ఉన్న జీవి తినదని మన నమ్మకం. వాంతి వికారం ఉన్న జబ్బుల్లో, అంటే కిడ్నీ, లివర్ లాంటివాటిలో అది నిజమే. కీళ్లనొప్పి, వెన్నుపూస జబ్బు, ఎముక క్యాన్సర్ ఉన్న కుక్కలు చివరిదాకా తింటాయి. లాబ్రడార్ల సంగతి మరీ వేరు. వాటిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీవోఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని, దానివల్ల వాటికి ఆకలి ఎక్కువని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. అలాంటి కుక్క పెరుగన్నం గిన్నె ఖాళీ చేసిందంటే గిన్నె ఖాళీ అయిందని తప్ప ఇంకేమీ తెలియదు.

తోక ఊపడమూ అంతే. మనిషిని చూడగానే ఊపడం దాని అలవాటు, అనుబంధం. అర నిమిషం ఊపి, మనం లోపలికెళ్లాక మిగిలిన పగలంతా అది ఎలా ఉందో చూసేవాళ్లు తక్కువ.

మౌనం అన్నిటికంటే మోసపూరితమైనది. కాలు తొక్కితే కుయ్యిమంటుంది, అది అప్పటికప్పుడు తగిలిన నొప్పి. నెలల తరబడి ఉండే నొప్పికి కుక్క అరవదు. దాని గుర్తులు వేరేగా ఉంటాయి. చల్లపూట కూడా ఊరికే పడుకుని రొప్పడం, రాత్రి ఒకచోట కుదురుగా పడుకోలేక చోట్లు మార్చడం, ఒకే కాలునో మణికట్టునో వెంట్రుకలు ఊడేదాకా నాకడం. లేవడానికి ముందు ఆలోచిస్తున్నట్టు ఆగడం. ఎప్పుడూ కసరని కుక్క పిల్లల మీద గుర్రుమనడం. మంచం కిందో మోటర్ షెడ్డులోనో దూరి పిలిచినా రాకపోవడం. ఇందులో ఏ ఒక్కటీ అంతిమ గుర్తు కాదు కానీ, రెండు మూడు కలిసి వారాల పాటు కనపడితే నొప్పి ఉన్నట్టే లెక్క. అలాంటప్పుడు డాక్టర్లు కొన్నిసార్లు పది రోజులు నొప్పి మందు ఇచ్చి చూస్తారు. కుక్క ఉన్నట్టుండి పాత చురుకు తెచ్చుకుంటే, ఇన్నాళ్లూ "వయసు" అనుకున్నది నొప్పే అని రుజువు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: మెడికల్ షాపులో దొరికే మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు వేస్తే పేగుల్లో పుండ్లు పడి, కిడ్నీలు పోతాయి. ముసలి కుక్కను ప్రేమతో చంపడానికి అంత దగ్గరి దారి ఇంకోటి లేదు.

ఏడు అంశాల మార్కులు: ఒక కుక్క మీద వేసి చూద్దాం

అమెరికాలో పెంపుడు జంతువుల క్యాన్సర్ వైద్యం చేసే డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక మార్కుల పద్ధతి పెట్టారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉత్సాహం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువుండటం. ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు. నొప్పి దగ్గర ఎక్కువ మార్కులంటే బాధ తక్కువని అర్థం, ఊపిరి ఎలా ఆడుతోందన్నదీ ఆ అంశంలోనే చూస్తారు. మొత్తం 70కి 35 దాటితే జీవితం ఫర్వాలేదని ఆమె లెక్క.

ఒంగోలులో పదమూడేళ్ల పామరేనియన్‌కు కిడ్నీ జబ్బు బయటపడింది అనుకుందాం. మొదటి వారం ఇంటావిడ వేసిన మార్కులు: నొప్పి 6, ఆకలి 3, నీరు 4, శుభ్రత 6, ఉత్సాహం 4, నడక 6, మంచి రోజులు 3. మొత్తం 32. గీత కింద ఉంది. ఇక్కడే ఆగిపోతే తప్పు చేసినట్టే, ఎందుకంటే చికిత్స ఇంకా మొదలే కాలేదు. వాంతులకు మందు, చర్మం కింద సెలైన్ మొదలుపెట్టిన పది రోజులకు అదే ఆవిడ 7, 5, 7, 6, 5, 6, 5 వేసింది. మొత్తం 41. కుక్క మళ్లీ పాల ప్యాకెట్ అబ్బాయి మీద మొరుగుతోంది. రెండు నెలల తర్వాత అదే మందులు, అదే సెలైన్ నడుస్తుండగానే 5, 2, 4, 4, 2, 3, 2. మొత్తం 22. మొదటి 32 ఆందోళన పెట్టాల్సిన అంకె కాదు. చివరి 22 పెట్టాల్సిందే, ఎందుకంటే దాన్ని పెంచడానికి చేతిలో ఇంకేమీ మిగల్లేదు. అంటే మార్కుల కంటే ముఖ్యమైనవి రెండు: అవి ఎటు కదులుతున్నాయి, వాటిని మార్చే మందు ఇంకేమైనా ఉందా.

ఈ పద్ధతికి లోపాలున్నాయి. మార్కులు వేసేది మనిషి, ఆ మనిషి ఆ రోజు నిద్రలేక ఉంటే కుక్కకూ తక్కువ పడతాయి. కొడుకు వీడియో కాల్లో తోక ఊపడం చూసి ఉత్సాహానికి 8 వేస్తే, రాత్రంతా తుడిచిన తల్లి 2 వేస్తుంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా వేరువేరుగా రాసి తర్వాత పోల్చుకుంటే ఆ తేడాలోనే చాలా సంగతులు బయటపడతాయి. ఇంకో లోపం, కూడిక ఒక్కోసారి అబద్ధమాడుతుంది. మిగతా ఆరూ బాగుండి ఊపిరి అందకపోతే మొత్తం 40 వచ్చినా ఆ 40కి అర్థం లేదు. గాలి కోసం పోరాడే కుక్కకు మంచి రోజు అంటూ ఉండదు. గుండె జబ్బు ఉన్న కుక్క నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టమని డాక్టర్లు అందుకే చెబుతారు. 30 లోపు ఉండాలి. రోజూ దాటుతోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూడాలి.

రోహిణి కార్తెలో వేసిన మార్కులు నమ్మొచ్చా?

విదేశీ లెక్కల్లో కనపడని సంగతి మన ఎండ. నెల్లూరు, ఒంగోలుల్లో మే నెలాఖరు వేడికి ఆరోగ్యంగా ఉన్న కుక్కే పగలంతా పడి రొప్పుతుంది. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే, ఒంటి వేడి దిగాల్సింది రొప్పుతోనే. ముసలి లాబ్రడార్లలో స్వరపేటిక నరాలు బలహీనపడే జబ్బు ఉంది. గొంతులోంచి గరగర శబ్దం, మొరుగులో మార్పు, దాంతోపాటే మెల్లగా వెనక కాళ్ల నీరసం. ఇలాంటి కుక్క జనవరిలో 45 మార్కుల మీద ఉండి, మేలో 25కి పడిపోవచ్చు. అందులో జబ్బు ఎంత, ఎండ ఎంత అనేది కుక్కను వారం పాటు కూలర్ గదిలోనో ఏసీ గదిలోనో ఉంచి చూస్తే తప్ప తేలదు. గుండె, గొంతు జబ్బుల కుక్కల విషయంలో కార్తెల మధ్య తీసుకునే నిర్ణయాన్ని ఒక్కసారి ఇలా సరిచూసుకోవడం న్యాయం. ఊపిరాడక నాలుక నీలంగా మారిన కుక్కకు మాత్రం ఆ వారం కూడా ఉండదు.

వానాకాలానిది ఇంకో తంటా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల వానల్లో గచ్చు ఆరదు, కీళ్ల కుక్కలు బిగుసుకుపోతాయి. తడి టైల్స్ మీద జారి పడిన కుక్క భయంతో లేవడం మానేస్తుంది. చూసేవాళ్లు పక్షవాతం అనుకుంటారు. నేల మీద రబ్బరు మ్యాట్లు పరిస్తే నడిచిన కుక్కలూ ఉన్నాయి.

రాత్రుళ్లు ఇల్లంతా తిరిగే కుక్క

మనుషుల్లో మతిమరుపు జబ్బు లాంటిది కుక్కల్లోనూ ఉంది. తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందులున్న వైపు నిలబడటం, గోడ మూల చూస్తూ ఉండిపోవడం, పగలు నిద్ర, రాత్రి తిరుగుడు, ఇన్నేళ్లు బయటికెళ్లిన కుక్క హాల్లో మూత్రం పోయడం. 2001లో కాలిఫోర్నియాలో చేసిన ఒక అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణం ఒక్కటైనా కనపడింది. రాత్రి ఊళ పెడితే ఇంటికి చేటని భయపడి అప్పటికప్పుడు వదిలించుకోవాలని చూసేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊళకు కారణం చెవుడో, నొప్పో, ఎక్కడున్నానో తెలియని గాభరానో అయి ఉంటుంది.

ఈ జబ్బులో నిర్ణయం అన్నిటికంటే కష్టం. ఒళ్లు బాగానే ఉంటుంది, తింటుంది, నడుస్తుంది. కుక్క బాధపడుతోందా లేక మనం నిద్రలేక బాధపడుతున్నామా అన్నది విడదీయడం తేలిక కాదు. పగలు కాస్త నడక, రాత్రి చిన్న లైటు, డాక్టర్ ఇచ్చే నిద్రమందుతో చాలా ఇళ్లు నెట్టుకొస్తాయి. మెలకువగా ఉన్న గంటల్లో ఎక్కువ భాగం అది గాభరాగానే ఉంటే, అదీ బాధే అని ఎక్కువమంది పశువైద్యుల అభిప్రాయం.

"ఆయుష్షు తీరనీ" అన్న వాదన, "ఆలస్యం చేయొద్దు" అన్న వాదన

ప్రాణం పోయలేనివాడికి తీసే హక్కు లేదు అనేది ఒక వైపు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయలేం. స్వర్గద్వారం దగ్గర కుక్కను వదిలి రానన్న ధర్మరాజు కథ విని పెరిగినవాళ్లకు, చివరిదాకా వెంట ఉండటమే ధర్మం అనిపించడం సహజం. ఇందులో మతంతో పనిలేని బలమైన అంశమూ ఒకటుంది. చావాలని ఉందో లేదో కుక్క చెప్పలేదు, దాని తరఫున మనం చెబుతున్నాం. మన సౌకర్యం ఆ మాటలో ఎంత కలిసిందో మనకే తెలియదు.

రెండో వైపు పశువైద్యులు తరచూ అనే మాట: ఒక వారం ముందైనా ఫర్వాలేదు, ఒక్క రోజు కూడా ఆలస్యం కావొద్దు. నిద్రలో హాయిగా పోవడం అనేది అందరూ కోరుకునేదే కానీ, అన్ని జబ్బుల్లోనూ అలా జరగదు. కిడ్నీలు పూర్తిగా పోయిన కుక్క రోజుల తరబడి వాంతులతో, నోటి పుండ్లతో ఉంటుంది, చివర్లో ఫిట్స్ రావొచ్చు. గుండె జబ్బు కుక్క ఊపిరితిత్తుల్లో నీరు నిండి పోతుంది. లేవలేక పడి ఉన్న కుక్కకు మన వాతావరణంలో పుండ్ల మీద ఈగలు వాలి, రెండు రోజుల్లో పురుగులు పడతాయి. అవి చూసిన డాక్టర్ ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ మాట అనేవాళ్లు ఆస్పత్రికి వచ్చే చెడ్డ ముగింపులనే ఎక్కువగా చూస్తారు. మందులతో, కొడుకు చేతి మీద తల పెట్టుకుని ఇంట్లోనే పోయిన కుక్కలు వాళ్ల లెక్కలోకి రావు.

నాకు న్యాయంగా కనపడేది ఇది: మెల్లగా ముదిరే జబ్బుల్లో "సరైన రోజు" అంటూ ఒకటి ఉండదు. కొన్ని వారాల గడువు ఉంటుంది. దానికి ముందు తొందరపాటు, దాని తర్వాత ఆలస్యం. ఆ మధ్యలో ఇటు నిర్ణయించినా అటు నిర్ణయించినా తప్పు పట్టలేం. "మంగళవారం కాకుండా శుక్రవారం దాకా ఆగి ఉంటే" అని ఏడాది పాటు కుమిలిపోయేవాళ్లు, లేని ఒక రోజు కోసం వెతుకుతున్నారు. ఉన్నట్టుండి కూలబడే కుక్కలకు మాత్రం ఈ గడువు ఉండదు. ప్లీహంలో గడ్డ పగిలి లోపల రక్తం కారినా, కడుపు ఉబ్బి మెలితిరిగినా నిర్ణయానికి గంటలే దొరుకుతాయి.

మోసేవాళ్ల శక్తిని లెక్కలోకి తీసుకోవడం స్వార్థమా? ముప్పై ఎనిమిది కిలోల లాబ్రడార్, వెనక కాళ్లు పూర్తిగా పడిపోయాయి, కళ్లు చురుగ్గా ఉన్నాయి. ఇంట్లో ఉన్నది డెబ్బైకి దగ్గరపడ్డ దంపతులు, ఆయనకు నడుం నొప్పి. మనిషిని పెట్టుకుని రోజుకు నాలుగుసార్లు పక్క మార్చగలిగితే ఆ కుక్కకు నెలలు ఉన్నాయి. మార్చలేకపోతే పది రోజుల్లో పుండ్లు. జబ్బు ఒకటే, కుక్క ఒకటే, ఇల్లు మారితే జవాబు మారుతుంది. దీన్ని స్వార్థం అనేవాళ్లు వారం రోజులు ఆ కుక్కను ఎత్తి చూడాలి.

సూది వేసినప్పుడు జరిగేది

చూడని దానికి భయం ఎక్కువ. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, డాక్టర్ ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఐదు, పది నిమిషాల్లో కుక్క గాఢంగా నిద్రపోతుంది. ఆ తర్వాత ముందు కాలి నరంలోకి ప్రాణం తీసే మందు వెళుతుంది. స్పృహ సెకన్లలో పోతుంది, ఊపిరి ఆగుతుంది, కొన్ని నిమిషాల్లో గుండె ఆగుతుంది. స్టెతస్కోప్‌తో విని డాక్టర్ నిర్ధారిస్తారు. బీపీ పడిపోయిన ముసలి కుక్కల్లో నరం దొరకడానికి ఎక్కువసేపు పట్టొచ్చు.

పక్కనున్నవాళ్లను కలవరపెట్టేవి ఆ తర్వాత కనపడతాయి. కళ్లు మూతపడవు. మూత్రం, మలం పోవచ్చు. గుండె ఆగాక కూడా ఒకటి రెండు సార్లు ఎగశ్వాస లాంటిది రావొచ్చు, కండరాలు అదరొచ్చు. స్పృహ అప్పటికే లేదు కాబట్టి అవి కుక్కకు తెలియవు. ముందుగా చెప్పకపోతే ఇంట్లోవాళ్లు "ఇంకా బతికే ఉంది, చంపేశాం" అని జీవితాంతం అనుకుంటారు.

మందు సంగతి. పెంటోబార్బిటాల్ అనే మత్తుమందును ఎక్కువ మోతాదులో ఇవ్వడం ప్రామాణిక పద్ధతి. మన దేశంలో అది మాదకద్రవ్యాల చట్టం నియంత్రణలో ఉంది, అన్నిచోట్లా దొరకదు. అందుకే చాలామంది థయోపెంటోన్ లాంటి మత్తుమందులతో పని జరుపుతారు. గుండెను ఆపే మెగ్నీషియం సల్ఫేట్, పొటాషియం క్లోరైడ్ లాంటివి కుక్క పూర్తి మత్తులో ఉన్నాకే వాడాలి. మత్తు లేకుండా అవే ఇస్తే అది చిత్రహింస. కాబట్టి "ముందు మత్తు ఇస్తారా డాక్టర్ గారూ?" అని అడగడంలో తప్పు లేదు, మంచి డాక్టర్ నొచ్చుకోరు.

చట్టం ఏమంటోంది, ఏది నేరం

నయం కాని బాధలో ఉన్న సొంత కుక్కకు రిజిస్టర్డ్ పశువైద్యుడి చేత కారుణ్య మరణం ఇప్పించడం నేరం కాదు. పశువైద్యం చేసే హక్కు 1984 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన వైద్యులకే ఉంది కాబట్టి, ఊళ్లో సూదులు వేసే ఎవరో ఒకరితో కానిచ్చేయడం కుదరదు. విషం పెట్టడం, కొట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలుకు దారితీసే నేరం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ క్రూరంగా చంపడాన్నే కాదు, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడాన్నీ నేరమంటుంది. ముసలి కుక్కను కారెక్కించి హైవే దాబా దగ్గరో గుడి దగ్గరో దించి వచ్చేవాళ్లు చేసేది ఇదే. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అంకె చూసి నవ్వొచ్చినా, నేరం నేరమే. ఇంట్లో పెరిగిన ముసలి కుక్క వీధి కుక్కల మధ్య ఎక్కువ రోజులు నిలవదు.

వీధి కుక్కల సంగతి 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఉంది. నయం కాని జబ్బు, ప్రాణాంతక గాయం ఉన్నట్టు స్థానిక పర్యవేక్షణ కమిటీ నియమించిన బృందం తేల్చాకే, అర్హత ఉన్న పశువైద్యుడు, ఇంకో కుక్క చూడకుండా ఆ పని చేయాలి. మనం అన్నం పెట్టే వీధి కుక్క అయినా ఒక్కరమే నిర్ణయించలేం.

చట్టం ఒప్పుకున్నా ప్రతి డాక్టరూ ఒప్పుకోవాలని లేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కను "మేం అమెరికా వెళ్తున్నాం" అని తెస్తే చాలామంది తిప్పి పంపుతారు. కొందరు తమ నమ్మకం కొద్దీ అసలు చేయరు, అది వాళ్ల ఇష్టం.

దూరం, ఆదివారం, అర్ధరాత్రి

మన జిల్లాల్లో ప్రభుత్వ పశువైద్యశాలల పని ఎక్కువగా గేదెలు, గొర్రెలు, ఒంగోలు గిత్తలతో. కుక్కల స్కానింగ్, పెద్ద ఆపరేషన్లు కావాలంటే నెల్లూరు నుంచి తిరుపతి పశువైద్య కళాశాలకో చెన్నై వేపేరికో, ఒంగోలు నుంచి గన్నవరం కళాశాలకో వెళ్లాలి. ఊపిరాడని కుక్కను వేసవిలో కారులో అన్ని గంటలు తీసుకెళ్లడమే దాని ప్రాణం మీదికి రావొచ్చు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం పల్లెల్లో మొదటి సాయానికి పనికొస్తుంది, నిర్ణయాలకు అది చాలదు.

అందువల్ల పట్నాల్లో వారం రోజులు తీరిగ్గా ఆలోచించే విషయాన్ని ఇక్కడ ముందే మాట్లాడుకోవాల్సి వస్తుంది. శనివారం రాత్రి కుక్క కూలబడితే సోమవారం ఉదయం దాకా ఎవరూ దొరకని ఊళ్లున్నాయి. ఆ ముప్పై పైచిలుకు గంటలే కుక్క జీవితంలో అన్నిటికంటే చెడ్డవి కావొచ్చు. జబ్బు నిర్ధారణ అయిన రోజే, "ఇది ముదిరితే ఎట్టా ఉంటుంది, ఇంటికొచ్చి చేస్తారా, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి?" అని డాక్టర్‌తో మాట్లాడుకున్న ఇళ్లకు ఆ గంటలు తప్పుతాయి.

ఆ తర్వాత

సొంత పొలం, తోట ఉన్నవాళ్లు పూడుస్తారు. నాలుగడుగులకు తగ్గని గుంట, బావికీ బోరుకూ దూరంగా ఉండాలి. పెన్నా ఇసుకలోనో మైపాడు వైపు తీరపు ఇసుకలోనో పూడిస్తే నీటికి బయటపడుతుంది. మత్తుమందుతో పోయిన కుక్క శరీరంలో ఆ మందు చాలాకాలం మిగులుతుంది. పైపైన పూడ్చిపెడితే తవ్వి తిన్న కుక్కలు, కాకులు, గద్దలు కూడా చస్తాయి. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లు కార్పొరేషన్ పారిశుద్ధ్య సిబ్బందితో ముందే మాట్లాడుకోవడం మేలు.

ఇంట్లో రెండో కుక్క ఉంటే అది కొన్నాళ్లు తిండి తగ్గించి, గేటు దగ్గర వెతుక్కోవడం మామూలే. వారం దాటినా తినకపోతే దిగులని సరిపెట్టుకోకుండా దానికీ రక్తపరీక్ష చేయించాలి. ఒకే వరండాలో పడుకున్న కుక్కలకు పట్టేవి ఒకే గోమార్లు.